కదల్లేని, మాట్లాడలేని మనిషితో మాట కలపడం ఎలా? కనుసైగ నుంచి కంటిచూపుతో నడిచే కంప్యూటర్ దాకా

ఒళ్ళు కదలక, నోట మాట రాక మంచాన పడ్డ మనిషి ఇంట్లో ఉంటే అందరూ ముందు అడిగేది ఒకటే: ఏ మిషన్ కొంటే మాట్లాడగలుగుతారు? మిషన్ల సంగతి కూడా చెబుతాను, కానీ సగం దాటాక. అవునో కాదో నమ్మకంగా తెలిపే ఒక సైగ, అవసరమైనప్పుడు మనల్ని పిలుచుకునే ఒక దారి, ఓపిగ్గా కూర్చుని వినే ఒకరిద్దరు కావాలి. ఈ మూడూ లేకపోతే ఎంత ఖరీదైన పరికరం తెచ్చినా అది మూలన పడుతుంది. ఈ మూడింటినీ ఇవాళే, ఒక కాగితం, ఒక పెన్నుతో మొదలుపెట్టొచ్చు.

బ్రెయిన్ స్టెమ్‌లో (మెదడును వెన్నుపాముతో కలిపే కాండంలో) స్ట్రోక్ వచ్చినవాళ్ళు, ఏఎల్ఎస్ (కండరాలను నడిపే నరాలు క్రమంగా చచ్చుబడే జబ్బు) ముదిరినవాళ్ళు, గులియన్ బారీ సిండ్రోమ్‌తో (రోగనిరోధక శక్తి నరాల మీదే దాడి చేసే జబ్బుతో) వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళు, తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పటి నుంచీ మెదడు దెబ్బ వల్ల కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉన్నవాళ్ళు, వీళ్ళందరికీ పనికొచ్చే పద్ధతులే ఇవి. ఎవరికి ఏది సరిపోతుందో తేల్చడానికి స్పీచ్ థెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు దొరికితే తప్పకుండా వాళ్ళ సాయం తీసుకోండి. వాళ్ళు వచ్చేదాకా చేతులు ముడుచుకుని మాత్రం కూర్చోకండి.

ముందు కళ్ళను గమనించండి

మనిషి పూర్తి స్పృహలో ఉండి, అన్నీ వింటూ, కళ్ళు తప్ప ఏదీ కదపలేని స్థితికి 1966లో ప్లమ్, పోస్నర్ అనే న్యూరాలజిస్టులు లాక్డ్-ఇన్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. బ్రెయిన్ స్టెమ్‌లో పాన్స్ అనే భాగం ముందువైపు దెబ్బతింటే మెదడు నుంచి ఒంటికి వెళ్ళే ఆదేశాలు అక్కడే ఆగిపోతాయి. కళ్ళను పైకీ కిందికీ తిప్పే కేంద్రం దానికన్నా పైన ఉంటుంది కాబట్టి ఆ కదలిక, కనురెప్పల కదలిక సాధారణంగా మిగులుతాయి. పక్కచూపులు పోవచ్చు. అందుకే ఇలాంటి మనిషిని "నా చెయ్యి నొక్కు" అని అడిగి, జవాబు రాలేదని స్పృహ లేదనుకోకూడదు. "పైకి చూడు" అని అడగాలి.

లాక్డ్-ఇన్ రోగుల మీద జరిగిన సర్వేలో సగానికి పైగా కేసుల్లో, మనిషి తెలివిలో ఉన్నాడని మొదట గుర్తించింది డాక్టర్లు కాదు, ఇంట్లోవాళ్ళే. కాబట్టి మీ కంటికి ఏదైనా కనిపిస్తే దాన్ని తీసిపారేయకండి. మంచం పక్కన నిలబడి పైనుంచి మాట్లాడకుండా, ఆ మనిషి మొహానికి ఎదురుగా కూర్చోండి. మీ పేరు చెప్పండి. ఒక్క మాట అడిగి, మనసులో పది అంకెలు లెక్కపెట్టి, అప్పుడు మళ్ళీ అడగండి. మత్తుమందులు, జ్వరం, నిద్రలేమి వల్ల ఉదయం రాని జవాబు సాయంత్రం రావచ్చు. రోజులో రకరకాల వేళల్లో ప్రయత్నించండి, ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి.

అంతకుముందు కళ్ళజోడు, వినికిడి మిషన్ వాడే మనిషైతే అవి పెట్టండి. హాస్పిటల్‌లో చేర్చిన రోజున తీసి సంచిలో వేసినవి వారాల తరబడి అక్కడే ఉండిపోతుంటాయి. స్ట్రోక్ తర్వాత ఒక వస్తువు రెండుగా కనపడటం మామూలే. ఒక కన్ను మూస్తే మేలేమో డాక్టర్ని అడగండి. రెప్ప సరిగా మూతపడక కళ్ళు పొడిబారుతుంటే చుక్కల మందు రాయించుకోండి. మంటెత్తే కళ్ళతో ఎవరూ ఎక్కువసేపు మాట్లాడలేరు.

అవును, కాదు

చాలామంది "ఒకసారి రెప్ప వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు" అని పెట్టుకుంటారు. నేనైతే వద్దంటాను. రెప్పలు వాటంతటవే పడుతూ ఉంటాయి. ఏది జవాబో, ఏది మామూలుగా పడిందో తెలీక ఇద్దరికీ విసుగొస్తుంది. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు అని పెట్టుకోవడం మేలు. కనుబొమ్మ, బొటనవేలు, దవడ లాంటివి ఏవైనా గట్టిగా కదులుతుంటే అదీ వాడుకోవచ్చు. ఏది ఎంచుకున్నా ఇంట్లో అందరూ అదే వాడాలి. పెద్ద అక్షరాలతో రాసి మంచం తలవైపు గోడకు అంటించండి. పగలు చూసుకునేవాళ్ళకు ఒక సైగ, రాత్రి చూసుకునేవాళ్ళకు ఇంకో సైగ అయితే నష్టపోయేది ఆ మనిషే.

సైగ కుదిరిందో లేదో చూడటానికి, జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్నలు అడగండి. అదే ప్రశ్నను తిరగేసి కూడా అడగండి: "ఇప్పుడు పగలా?" అన్నాక, కాసేపాగి "ఇప్పుడు రాత్రా?" అనండి. జవాబులు పొంతన కుదిరితే ఇక పరీక్షలు ఆపేయండి. చూడ్డానికి వచ్చిన ప్రతి బంధువూ "నేనెవరో గుర్తుపట్టావా?" అని అడుగుతుంటే, అన్నీ తెలిసిన మనిషికి అది ఎంత అవమానమో ఆలోచించండి.

ప్రశ్న వేసే తీరు కూడా ముఖ్యమే. "నొప్పి లేదు కదా?" అని అడిగారనుకోండి. ఆ మనిషి పైకి చూస్తే "అవును, లేదు" అనా, "అవును, ఉంది" అనా? మన మాటతీరులో రెండూ కుదురుతాయి. కాబట్టి "నొప్పిగా ఉందా?" అనే అడగండి. "పక్కకి తిప్పమంటారా, ఫ్యాన్ వేయమంటారా?" అని రెండు ప్రశ్నలు కలిపి వేయకండి.

మూడో జవాబు కూడా ఒకటి ఉండాలి. ఇది చాలామందికి తట్టదు. "తెలీదు" అనో, "నువ్వడిగేది అసలు సంగతి కాదు" అనో చెప్పడానికి ఒక సైగ కావాలి. కళ్ళు గట్టిగా కాసేపు మూసుకోవడం దానికి పెట్టుకోవచ్చు. అది లేకపోతే ఆ మనిషి మీ ప్రశ్నల లోపలే బందీ అయిపోతారు. మీరు నొప్పి గురించి ఇరవై ప్రశ్నలు వేస్తారు, ఆయనేమో కూతురి పరీక్ష ఎలా రాసిందని అడగాలనుకుంటూ ఉంటారు.

పిలుపు

పక్కన ఎవరూ లేనప్పుడు ఊపిరాడకపోతే? ఈ భయంతోనే చాలామందికి రాత్రిళ్ళు నిద్ర పట్టదు. వేలో, చెంపో, పాదమో కొంచెమైనా కదులుతుంటే అక్కడ తేలిగ్గా నొక్కుడుపడే స్విచ్ పెట్టి దానికి బెల్లు కలపొచ్చు. కళ్ళు తప్ప ఏమీ కదలకపోతే, మనుషులు వచ్చి చూసే వేళలు కచ్చితంగా పెట్టుకుని, ఆ వేళలు వాళ్ళకీ చెప్పండి. మనిషిని పక్కకి తిప్పిన ప్రతిసారీ స్విచ్ స్థానం తప్పుతుంది. గది దాటేముందు "ఒకసారి నొక్కండి" అని మోగించి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

అక్షరాల పలక

అసలైన సంభాషణ ఇక్కడ మొదలవుతుంది. అవును, కాదులతో మన ప్రశ్నలకే జవాబు దొరుకుతుంది. అక్షరాలుంటేనే వాళ్ళ మాట వాళ్ళు మొదలుపెట్టగలరు. 1995 డిసెంబరులో స్ట్రోక్ వచ్చి ఎడమ కన్ను తప్ప ఏమీ మిగలని ఫ్రెంచి పత్రికా సంపాదకుడు జాన్-డొమినిక్ బోబీ, పక్కన ఒకరు అక్షరాలు చదువుతుంటే కావలసిన అక్షరం దగ్గర రెప్ప వేసి ఏకంగా ఒక పుస్తకమే రాయించాడు. ఆయన పద్ధతిలో అక్షరాలు ఫ్రెంచిలో ఎక్కువగా వాడే వరసలో ఉండేవి.

తెలుగుకి వచ్చేసరికి ఇబ్బంది ఏమిటంటే, మొత్తం వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు అన్నీ పెడితే పలక పేజీ నిండిపోతుంది. అన్నీ అక్కర్లేదు. హ్రస్వ దీర్ఘాలకు ఒకటే అక్షరం, ఒత్తక్షరాలు (ఖ, ఘ లాంటివి) తీసేయడం, సున్నాకి బదులు న లేదా మ. వినేవాడు తెలుగు మనిషే కాబట్టి మిగతాది పూరించుకుంటాడు. 26 అక్షరాలతో ఇలా సరిపెట్టొచ్చు:

1. అ ఇ ఉ ఎ ఒ
2. క గ చ జ
3. త ద న ట డ
4. ప బ మ
5. ర ల వ య
6. స హ శ ళ ణ
7. మాట అయిపోయింది / మళ్ళీ మొదట్నుంచి / ఇది కాదు, వేరే సంగతి / అంకెలు

అచ్చులు మొదటి వరసలో ఎందుకంటే ప్రతి హల్లు తర్వాతా గుణింతం కోసం అక్కడికే రావాలి. మిగతా వరసలు చిన్నప్పుడు నేర్చుకున్న క్రమానికి దగ్గరగానే ఉంచాను. ఏ అక్షరం ఎక్కడుందో ముందే తెలిస్తే దాని కోసం కాచుకుని ఉండొచ్చు. పది రోజులు వాడాక మీ మనిషి ఎక్కువగా వాడే అక్షరాలను ముందుకు జరపండి. ఆ మార్పు ఏదైనా వాళ్ళని అడిగే చేయండి.

వాడే విధానం ఇది. మీరు నెమ్మదిగా, ఒకే వేగంతో వరసల అంకెలు చదువుతారు: "ఒకటి, రెండు, మూడు..." మూడు దగ్గర ఆయన పైకి చూశారు. ఇప్పుడు ఆ వరస చదవండి: "త, ద..." ద దగ్గర పైకి చూశారు. కాగితం మీద ద రాసుకోండి. మళ్ళీ "ఒకటి" అనగానే పైకి చూశారు, "అ, ఇ..." ఇ దగ్గర ఆగింది. మీ దగ్గర "ది" ఉంది. "దిండా?" అన్నారు. కళ్ళు పైకి. "తీసేయమంటారా?" కిందికి. "ఎత్తు తగ్గించాలా?" పైకి. రెండు అక్షరాలు, మూడు ప్రశ్నలతో మెడనొప్పి తగ్గింది. కొత్తలో దీనికి ఐదు నిమిషాలు పట్టొచ్చు. కంగారు పడకండి.

ప్రతి అక్షరాన్నీ రాసుకోండి, గుర్తుంచుకోగలనని అనుకోకండి. నాలుగో మాటకి వచ్చేసరికి మొదటి మాట మరిచిపోతారు. తప్పు అక్షరం పట్టుకున్నారని ఆయన కిందికి చూస్తే ఒక్క అక్షరమే కొట్టేసి కొనసాగించండి. మధ్యలో ఫోన్ మోగితే మోగనివ్వండి.

ఊహించి పూర్తిచేయడం గురించి ముందే మాట్లాడుకోండి. కొందరికి అది శ్రమ తగ్గించే సాయం, కొందరికి నోటిలో మాట లాక్కున్నట్టు ఉంటుంది. "ఇంటికి" అనగానే మీరు "వెళ్ళాలనుంది" అని పూర్తిచేస్తారు, ఆయన చెప్పాలనుకున్నది "ఇంటికి రంగు వేయించండి" అని కావచ్చు. డబ్బు, ఆస్తి, వైద్యం, మనుషుల మధ్య తగవులు, వీటిలో మాత్రం ఊహలు వద్దు. ఎంతసేపైనా అక్షరం అక్షరం చెప్పనివ్వండి, చివర్లో మొత్తం చదివి వినిపించి అవుననిపించుకోండి.

ఇంకో జాగ్రత్త. మాట్లాడేది వాళ్ళేనా అనే అనుమానం ఎప్పుడూ మీలో ఉండాలి. కదల్లేని మనిషి చేతిని వేరొకరు పట్టుకుని అక్షరాల మీద ఆడించే పద్ధతి ఒకటి ఉంది. పరీక్షించి చూసినప్పుడు ఆ మాటలు చెయ్యి పట్టుకున్నవాళ్ళవేనని తేలింది. దాని జోలికి వెళ్ళొద్దు. కళ్ళ కదలిక ఎవరు చూసినా ఒకేలా కనిపించాలి, ఇద్దరు వేర్వేరుగా అడిగినా ఒకే జవాబు రావాలి.

చూపు సరిగా లేకపోయినా ఈ పద్ధతి పనిచేస్తుంది, వినపడితే చాలు. చదువు రాని మనిషైతే అక్షరాల బదులు సంగతుల వరసలు పెట్టుకోండి: ఒంటి బాధ, పడుకున్న తీరు, మనుషులు, గదిలో వస్తువులు, మనసులో మాట. అక్కడినుంచి చిన్న ప్రశ్నల్లోకి దిగండి.

కళ్ళు అన్ని వైపులకీ బాగా తిరుగుతుంటే, ముఖ్యంగా ఏఎల్ఎస్‌లో, పారదర్శకమైన ప్లాస్టిక్ పలక ఇంకా వేగంగా ఉంటుంది. అంచుల్లో, మూలల్లో అక్షరాల గుంపులు రాసి, ఒక్కో స్థానానికి ఒక రంగు, గుంపులోని ఒక్కో అక్షరానికీ అవే రంగుల్లో ఒకటి పెడతారు. పలకను ఇద్దరి మొహాల మధ్య పట్టుకోవాలి. మొదటి చూపు గుంపును చూపిస్తుంది, రెండో చూపు ఏ రంగు స్థానం వైపు వెళితే, ఆ గుంపులో ఆ రంగు అక్షరమని అర్థం. పక్కచూపులు పోయినవాళ్ళకి ఇది పనికిరాదు.

మాట ఇంకా ఉన్నవాళ్ళు ఇది ఈ వారమే చేయాలి

ఏఎల్ఎస్ అని తేలి, గొంతు ఇంకా ఉన్నప్పుడే రికార్డు చేసుకోండి. పదాల చిట్టా చదవడం కాదు. పిల్లల్ని ముద్దుపేరుతో పిలవడం, "జాగ్రత్తగా వెళ్ళు", "అబ్బ, చాల్లే ఊరుకో", నవ్వు, కోప్పడటం, మనవడికి చెప్పే కథ, ఇలా మనిషి మనిషిలా వినిపించేవన్నీ. అమెరికాలోని బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో స్పీచ్ థెరపిస్టు జాన్ కోస్టెల్లో ఈ పద్ధతిని మెసేజ్ బ్యాంకింగ్ పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. తర్వాత ఈ రికార్డింగులను ట్యాబ్‌లో బటన్లకు పెట్టుకోవచ్చు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఉదయం అలసట లేనప్పుడు, మామూలు ఫోన్‌తో అయినా సరే. గొంతు ముద్దగా మారిందని ఆగిపోకండి. ట్రకియాస్టమీ (ఊపిరి కోసం గొంతు ముందువైపు రంధ్రం చేసి గొట్టం పెట్టడం) అయినవాళ్ళలో కొందరు, ఆ గొట్టానికి తగిలించే స్పీకింగ్ వాల్వ్‌తో మాట్లాడగలరు, అది వీలవుతుందో లేదో డాక్టర్ని అడగండి.

స్విచ్‌తో నడిచే ఫోన్, కంప్యూటర్

ఒక్క చిన్న కదలిక మిగిలినా కంప్యూటర్ మొత్తం నడపొచ్చు. తెర మీద వెలుగు వరసల మీదుగా జరుగుతూ ఉంటుంది, కావలసిన చోట స్విచ్ నొక్కితే అది ఎంపికవుతుంది. మీరు పలకతో చేసిన పనే ఇప్పుడు మిషన్ చేస్తుంది. పలక అలవాటైనవాళ్ళకి ఇది తొందరగా పట్టుబడేది అందుకే. 1985లో ట్రకియాస్టమీతో మాట పోయిన భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ మొదట చేతితో స్విచ్ నొక్కేవారు. చెయ్యి కూడా బలహీనపడ్డాక కళ్ళజోడుకు బిగించిన సెన్సార్ చెంప కండరం కదలికను పట్టుకునేది. ఆయన కోసం ఇంటెల్ తయారుచేసిన యాక్యాట్ సాఫ్ట్‌వేర్‌ను 2015లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు.

ఆండ్రాయిడ్‌లో స్విచ్ యాక్సెస్, ఐఫోన్‌లో స్విచ్ కంట్రోల్ ముందే ఉంటాయి, యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి నవ్వడం, కనుబొమ్మ ఎత్తడం, నోరు తెరవడం, పైకో పక్కకో చూడటం కూడా ఫోన్ కెమెరా ద్వారా స్విచ్‌లా పనిచేస్తాయి. స్విచ్ ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు బలమైన కదలిక కోసం చూడకండి. అలసిపోకుండా పదేపదే చేయగలిగేది, నొక్కాక మళ్ళీ వదలగలిగేది ఎంచుకోండి. వదలడమే కష్టం చాలామందికి. వెలుగు జరిగే వేగం మొదట బాగా తగ్గించి పెట్టండి, తప్పులు తగ్గాక పెంచండి.

కంటిచూపుతో నడిచే పరికరం

ఐ ట్రాకర్ తెర కింద అంచున ఉండే సన్నని పట్టీ. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కళ్ళ మీదకి పంపి, ఆ మెరుపును, కనుపాపను చూసి, చూపు తెర మీద ఎక్కడ పడుతోందో లెక్కకడుతుంది. ఒక అక్షరం మీద చూపు కాసేపు నిలిపితే అది టైపవుతుంది. టోబీ డైనవాక్స్ లాంటి సంస్థలు దీనికోసమే పరికరాలు చేస్తాయి. ఆప్టికీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్‌లో పనిచేస్తుంది. విండోస్ 10లో 2017 నుంచి ఐ కంట్రోల్ ఉంది. 2024లో ఐఓఎస్ 18తో ఐఫోన్, ఐప్యాడ్‌లకు కూడా ముందు కెమెరాతో పనిచేసే ఐ ట్రాకింగ్ వచ్చింది. కచ్చితత్వంలో అది ప్రత్యేక పరికరానికి సాటి రాదు, కానీ ఇంట్లో ఉన్న ఫోన్‌తో ఒకసారి ప్రయత్నించడానికి మంచిదే.

పరికరం పనిచేయడం లేదని చాలామంది వదిలేసేది దాన్ని పెట్టిన తీరు వల్ల. తెర మొహానికి సమాంతరంగా ఉండాలి. వెనక్కి వాలి పడుకున్న మనిషికి తెర కూడా అంతే కోణంలో మొహం మీదకి వంగాలి, దానికి గట్టి స్టాండు కావాలి. దూరం సుమారు 60 సెంటీమీటర్లు. కిటికీ ఎండ కళ్ళ మీద పడితే ఇన్‌ఫ్రారెడ్ దెబ్బతింటుంది, కర్టెన్ వేయండి. కళ్ళజోడు అద్దాల మెరుపు అడ్డొస్తే తెరను కొద్దిగా వంచి చూడండి. రెప్పలు వాలిపోతున్నా, కళ్ళు వాటంతటవే అదురుతున్నా కష్టమే. రెండు కళ్ళతో కుదరకపోతే ఒక కన్నునే పట్టుకునేలా సెట్ చేయొచ్చు.

మొదటి రోజే "ఏమైనా రాయండి" అని మీద పడకండి. చూస్తే బుడగలు పగిలే ఆటలతో, పది నిమిషాలతో మొదలుపెట్టండి. చూపు నిలపాల్సిన సమయం ఒక సెకను పైనే ఉంచండి, చెయ్యి తిరిగాక తగ్గించొచ్చు. తెర మీద ఏమీ జరగని ఒక ఖాళీ చోటు ఉండాలి. లేకపోతే ఎటు చూసినా ఏదో ఒకటి నొక్కుడుపడుతూ, ఊరికే కళ్ళు ఆనించడానికి కూడా చోటుండదు.

కొనేముందు తెలుగు సంగతి మీ కళ్ళతో చూసుకోండి. తెలుగు కీబోర్డు ఉందా? పదాలు ముందే సూచిస్తుందా? తెలుగులో పైకి చదువుతుందా? ఈ మూడూ వేర్వేరు, ఒకటుంటే మిగతావి ఉన్నట్టు కాదు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ కీబోర్డు, గూగుల్ తెలుగు గొంతు రెండూ ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్న మనిషైతే దాన్ని తెలుగు లిపిలోకి మార్చే కీబోర్డు పెట్టండి, ఇంగ్లీషు అక్షరాల్లోనే వదిలేస్తే మిషన్ గొంతు వింతగా చదువుతుంది. కొన్ని రోజులు అద్దెకో, ట్రయల్‌కో తీసుకుని వాడి చూడకుండా పెద్ద మొత్తం పెట్టకండి.

మెదడులో అమర్చే చిప్పుల గురించి వార్తల్లో చూసే ఉంటారు. 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో ఒక మనిషి రాస్తున్నట్టు ఊహించుకుంటే నిమిషానికి 90 అక్షరాలు తెర మీద పడ్డాయి. 2023లో మాట్లాడే ప్రయత్నాన్ని చదివి స్టాన్‌ఫర్డ్ బృందం నిమిషానికి 62 మాటలు, శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ బృందం 78 మాటలు రాబట్టాయి. ఇదంతా నిజమైన ఆశే. కానీ ఇవి ఆపరేషన్‌తో, పరిశోధనల్లో భాగంగా కొద్దిమందికే జరుగుతున్నాయి. దాని కోసం ఎదురుచూస్తూ పలక పక్కన పెట్టకండి.

వాళ్ళ తరఫున నిర్ణయించకండి

ఇలాంటి బతుకు ఎవరికైనా భారమేనని బయటివాళ్ళు తేలిగ్గా అనేస్తారు. 2011లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చిన సర్వేలో ఏళ్ళ తరబడి లాక్డ్-ఇన్‌లో ఉన్న 65 మందిని అడిగితే 47 మంది సంతోషంగానే ఉన్నామన్నారు, 18 మంది లేమన్నారు. ఆ పద్దెనిమిది మంది మాట కూడా అంతే ముఖ్యం. మీ మనిషి ఎటువైపో అడిగితేనే తెలుస్తుంది. ఫలానా మందు వద్దనడానికి, ఫలానా బంధువుని ఇప్పుడు రావద్దనడానికి, ఒంటరిగా వదిలేయమనడానికి వాళ్ళకి హక్కుంది. వాళ్ళు రాయించిన మాట నలుగురికీ చదివేముందు "చదవమంటారా?" అని అడగండి.

చివరిగా ఒక పని. అట్టముక్క మీద ఇలా రాసి లామినేట్ చేయించి, అక్షరాల పలకతో కలిపి మంచానికి కట్టి ఉంచండి: "నాకు అన్నీ వినపడతాయి, అర్థమవుతాయి. అవునంటే పైకి చూస్తాను, కాదంటే కిందికి. మీ ప్రశ్న తప్పయితే కళ్ళు మూసుకుంటాను. నాతో ఏం చేయబోతున్నా ముందు నాకు చెప్పండి." హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సి వస్తే, అంబులెన్స్‌లో కంప్యూటర్ వెళ్ళకపోయినా ఈ రెండూ మనిషితో పాటు వెళ్ళాలి. డ్యూటీ మారి కొత్త నర్సు వచ్చిన ప్రతిసారీ కార్డు చూపించి, ఒక ప్రశ్న అడిగి, కళ్ళు పైకి వెళ్ళడం ఆమె స్వయంగా చూసేలా చేయండి.